పనికెళ్తే దారి ఉంది, షికారుకే లేదు



దళిత చరిత్ర అనగానే మనకి కారంచేడు గుర్తొస్తుంది, చుండూరు గుర్తొస్తుంది. రావాలి కూడా. ఈ భాగంలో మాత్రం షికారు గురించి రాస్తున్నాను. ఆదివారం సాయంత్రం ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని అలా తిరిగి రావడం గురించి. ఇదేం చరిత్ర మేడమ్ అని మా క్లాసులో ఒకబ్బాయి నవ్వాడు. ఈ భాగం ముందుగా ఆ అబ్బాయికే.

షికారు అనే మాట పారసీ నుంచి ఉర్దూ మీదుగా మనకి వచ్చింది. అక్కడ దానర్థం వేట. నవాబులూ జమీందార్లూ వెళ్లేది. తెలుగులో స్థిరపడేసరికి తుపాకీ పోయింది, తిరుగుడు మిగిలింది. చేతిలో పని లేకుండా, నెత్తిన బరువు లేకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా తిరగడమే షికారు. ఈ మూడూ కాస్త గుర్తుపెట్టుకోండి.

మాది నరసాపురం. పాపకి ఏడేళ్లు, బాబుకి నాలుగు. ఆదివారం నాలుగున్నర దాటితే మా ఇంట్లో ఇక ఎవరి మాటా ఎవరికీ వినపడదు. చిన్నోడు బండి ముందు నిలబడతాడు, పాప మా ఇద్దరి మధ్యా ఇరుక్కుంటుంది. (ఒక బండి మీద నలుగురు. ట్రాఫిక్ వాళ్లు ఈ సీరియల్ చదవరనే ధైర్యంతో రాస్తున్నా.) స్టీమర్ రోడ్డు మీదుగా గోదావరి గట్టుకి వెళ్తాం. వలందర రేవు మెట్ల మీద కాసేపు కూర్చుంటాం. చిన్నోడు నీళ్లలో రాళ్లు వేస్తాడు, పాప లెక్కపెడుతుంది. వచ్చేటప్పుడు హోటల్లో కూర్చుని టిఫిన్, ఒక్కోసారి సినిమా. ఇంటికొచ్చేసరికి చిన్నోడు నా భుజం మీద నిద్రపోయి ఉంటాడు. ఇంతే. ఇందులో చెప్పుకోదగ్గ విశేషం ఏమీ లేదు.

ఇప్పుడు రాజ్యాంగం తీసి 15వ అధికరణం రెండో క్లాజు చూడండి. దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాలు అని ఒక వరస. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, జనం చేరే చోట్లు అని ఇంకో వరస. వీటిల్లోకి వెళ్లకుండా మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు పేరుతో ఎవర్నీ ఆపకూడదని అక్కడుంది. పోటీ పరీక్షల కోసం మీరంతా దీన్ని బట్టీ పట్టే ఉంటారు. మా ఆదివారం షికారు పక్కన పెట్టుకుని మళ్లీ చదవండి. రోడ్డు, రేవు, హోటలు, సినిమా హాలు. మా రెండు గంటల తిరుగుడులో మేం తొక్కిన ప్రతి గడపకీ అందులో పేరుంది. ప్రపంచంలో ఎన్ని దేశాలు తమ రాజ్యాంగంలో బావి గురించీ, హోటల్లో బల్ల గురించీ ఇలా విడివిడిగా రాసుకోవాల్సి వచ్చిందో ఆలోచించండి. ఒక్కో పేరూ అక్కడ రాశారంటే, ఒక్కో చోటా మనల్ని ఆపారని అర్థం.

1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో ఈ అధికరణం చర్చకొచ్చింది. అప్పటికి ముసాయిదాలో దీని నంబరు 9. దుకాణం అంటే ఏది అని సభ్యులు అడిగారు. అంబేద్కర్ దాన్ని సరుకులమ్మే కొట్టుకి పరిమితం చెయ్యలేదు. డబ్బు తీసుకుని అడిగినవాళ్లకి సేవ చెయ్యడానికి తెరిచిపెట్టిన ఏ చోటైనా దుకాణమే అన్నారు. అంటే మంగలి షాపూ, ఇస్త్రీ బండీ అందులోకే వస్తాయి. ఆ మాట ఎంత విశాలంగా ఉండాలో ఆయనకి తెలుసు. ఎందుకు తెలుసో కింద చెప్తాను.

దీనికి ముందు మన ప్రాంతంలో ఇంకో కాగితం ఉంది. 1924 ఆగస్టు 22న మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ ఒక తీర్మానం పెట్టారు. ఏ కులం వాళ్లయినా ఏ ఊళ్లోనైనా ప్రజల రోడ్డు మీద, వీధిలో నడవడానికి అభ్యంతరం లేదని, ప్రభుత్వ కార్యాలయాలకీ బావులకీ చెరువులకీ వెళ్లడానికీ అభ్యంతరం లేదని దాని సారాంశం. సెప్టెంబరు 25న అది జీవో 2660గా వచ్చింది. అప్పటికి నరసాపురం కృష్ణా జిల్లాలో ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది ఆ మరుసటేడే.

'అభ్యంతరం లేదు' అనే ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సాహిత్యం చదువుకున్న దాన్ని కదా, మాట కనిపిస్తే గోకకుండా ఉండలేను. మనిషి వీధిలో నడవడానికి ప్రభుత్వానికి అభ్యంతరం లేదట. ఆ మాట అనిపించుకోవడానికి ఒక మనిషి శాసనమండలి దాకా వెళ్లి తీర్మానం పెట్టాల్సి వచ్చింది. నది, బావి, చెరువు, దారి, ప్రజలెక్కే బండి, వీటి దగ్గర ఆపకూడదని చట్టం రావడానికి 1938 దాకా పట్టింది. గుడి తలుపు తెరిచే చట్టం మద్రాసు రాష్ట్రం మొత్తానికీ వచ్చింది 1947లో.

అయితే కాగితాల్లో ఒక మెలిక ఎప్పుడూ కనపడదు. దాన్ని నాకు చూపించింది మా అమ్మ. అమ్మకి అరవై దాటాయి. పాలకొల్లు వైపు పల్లె. 1924 జీవో గురించి చెప్తూ, అప్పటిదాకా మనకి వీధిలో దారే లేదమ్మా అన్నాను. అమ్మ చేట పక్కన పెట్టి నా వైపు చూసింది.

"దారి లేదని ఎవరన్నారే? గడ్డిమోపు నెత్తి మీదుంటే ఏ వీధిలోంచైనా పోనిచ్చేవోళ్లు. చేతులూపుకుంటా పోతేనే, ఎక్కడికే ఇలాగ అని అడిగేవోళ్లు."

నా పీహెచ్‌డీ మొత్తంలో ఇంత సూటి వాక్యం ఒక్కటీ లేదు. పని కోసమైతే ఊరు మనకి ఎప్పుడూ తెరిచే ఉంది. పేడకళ్లు ఎత్తడానికి, వడ్లబస్తా మొయ్యడానికి, చచ్చిన గొడ్డుని లాగడానికి ఊరి నడివీధిలోంచే రమ్మనేవాళ్లు. అదే మనిషి అదే వీధిలో పిల్లని చంకనేసుకుని ఊరికే పోతుంటే ప్రశ్న పుట్టుకొచ్చేది. బరువు దించిన మరుక్షణం మనం అనుమానితులం. అందుకే మొదట్లో ఆ మూడూ గుర్తుపెట్టుకోమన్నాను.

మా ఊరి చరిత్రని ఈ కన్నుతో ఒకసారి చూడండి. వలందులంటే డచ్చివాళ్లు. 17వ శతాబ్దంలోనే నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో బట్టల వ్యాపారం చేశారు. మా పిల్లలు రాళ్లు వేసే రేవు పేరులో వాళ్లింకా ఉన్నారు. ఆ రేవులో బేళ్లు మోసినవాళ్ల పేరు ఏ రేవుకీ లేదు. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చి ఈ డెల్టాలో స్థిరపడ్డారు. ఆనకట్ట పనికి చేరిన కూలీల మధ్య తిరిగి సువార్త చెప్పారు. డెల్టాలో మన పేటల క్రైస్తవం కొంత ఆ మట్టిపనిలోంచే మొదలైంది. కాటన్ మ్యూజియానికి బడి పిల్లల్ని పిక్నిక్‌కి తీసుకెళ్తారు, మా పాప కూడా వెళ్లొచ్చింది. కాటన్ దొర గుర్రం గురించి చెప్పిందిగానీ, తట్ట గురించి దానికెవరూ చెప్పలేదు. ఇంటికొచ్చాక నేను చెప్పాను.

ఇక లేసు. నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు వచ్చిందని మనమంతా సంతోషించాం. 19వ శతాబ్దం నడిమిలో మెక్‌రే అనే మిషనరీ దంపతులు పేద క్రైస్తవ ఆడవాళ్లకి ఈ అల్లిక నేర్పారు. మొదట పట్టుకున్న చేతుల్లో మన చేతులున్నాయి. తర్వాత అది కాపు ఇళ్లకి పాకింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడికొచ్చి పరిశోధన చేసి 1982లో పుస్తకం తెచ్చింది. గడప దాటకుండా ఇంట్లో కూర్చుని అల్లడం ఆ ఇళ్లలో పరువుకి గుర్తు అయిందని ఆమె చూసింది. పొలానికెళ్లే మాల మాదిగ ఆడవాళ్ల కంటే తాము మెరుగనే భావం ఆ కూర్చోవడంలోనే ఉంది. రోజంతా అల్లినా అది పని కిందికి రాలేదు, తీరిక వేళ కాలక్షేపం అన్నారు, కూలి కూడా అలాగే ఇచ్చారు. ఆ ఆడవాళ్లకి జరిగింది అన్యాయమే. ఆ విషయంలో మీస్‌తో నాకు పేచీ లేదు. కానీ మా అమ్మమ్మ కాలం ఆడవాళ్ల వైపు నుంచి చూస్తే లెక్క తిరగబడుతుంది. వాళ్లకి ఇల్లు దొరకలేదు, దొరికిందంతా బయటే. ఆ బయట అంటే నారుమడి, కోతచేను, కళ్లం. ఒక ఆడదానికి బయటికి రావడం పరువు తక్కువ. ఇంకో ఆడదానికి పని లేకుండా బయటికి రావడం నేరం. పిల్లల చెయ్యి పట్టుకుని ఊరికే గట్టు మీద నడిచే ఆడది ఈ రెండిట్లోనూ లేదు.

మన సాహిత్యంలో షికారుకెళ్లే పిల్లలెవరు? బుడుగు వెళ్తాడు. బాబాయితో వెళ్తాడు, బామ్మని వేధిస్తాడు, బడి ఎగ్గొడతాడు. ముళ్లపూడి బుడుగంటే నాకు ప్రాణం, మా పిల్లలకి నేనే చదివి వినిపిస్తాను. అయితే బుడుగు ఎక్కడికెళ్లినా వాణ్ని గుర్తుపట్టి 'ఫలానా వాళ్లబ్బాయి' అని ముద్దుచేసే ఊరు వాడి వెనకుంది. అదే గోదావరి సీమలో, మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న రాసిన నాటకం పేరు 'పాలేరు'. మన పిల్లాడు తెలుగు నాటకంలోకి వచ్చింది జీతగాడిగా. చదువుకుని పెద్ద ఉద్యోగస్తుడయ్యాడు, నిజమే. పొలం నుంచి బడికి, బడి నుంచి ఆఫీసుకి. మధ్యలో ఎక్కడా రేవులో రాళ్లు వెయ్యలేదు. మన రచయితల్ని తప్పుపట్టడం లేదు, వాళ్లకంత తీరిక ఎవరిచ్చారు? చాలా ఏళ్ల తర్వాత, 2008లో హైదరాబాద్ అన్వేషి వాళ్లు 'డిఫరెంట్ టేల్స్' పేరుతో పిల్లల కథలు తెచ్చారు. అందులో మన వాడల పిల్లలు ఆడుకుంటూ, అలుగుతూ, గెలుస్తూ కనపడ్డారు. గోగు శ్యామల కథల్లో పిల్లలకీ ఆ గాలి ఉంది.

అంబేద్కర్‌కి ఎందుకు తెలుసో చెప్తానన్నాను. అంతకంటే ముందు పంటు మీద జరిగింది చెప్పాలి.

మొన్న వేసవిలో అంతర్వేది బయల్దేరాం. మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కితే వశిష్ఠ దాటి సఖినేటిపల్లిలో దిగుతాం. పక్కన ఒక పెద్దావిడ, పూలబుట్టతో. పాపకి జామకాయ ముక్క పెట్టింది. ఏం చదువుతున్నావు, మీ అమ్మేం చేస్తది అని అడిగింది. కాలేజీలో పాఠాలు చెప్తాదని పాప గొప్పగా చెప్పింది. "అబ్బో! మీ ఇంటిపేరేంటమ్మా?" పాప చెప్పింది. ఆ ఇంటిపేరుతో ఆవిడకి తేలినట్టు లేదు. నా వైపు తిరిగింది.

"మీరేమిట్లమ్మా?"

"మాలలమండి."

ఆవిడేమీ అనలేదు. తిట్టలేదు, లేచిపోలేదు. పూలబుట్ట ఇటువైపు నుంచి తీసి అటువైపు పెట్టుకుంది. మిగతా దారంతా గోదావరి చూస్తూ కూర్చుంది. ఏ చట్టం కిందా ఇది కేసు కాదు. పంటు దిగాక పాప అడిగింది. "అమ్మా, ఆ మామ్మ మాట్లాడ్డం ఎందుకు మానేసింది?"

అప్పుడు దానికి మసూరు స్టేషన్ కథ చెప్పాను. అంబేద్కర్ తన ప్రయాణాల అనుభవాలు రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో మొదటిది అదే. 1901లో, తొమ్మిదేళ్ల వయసులో, అన్నతో, అక్క పిల్లలతో కలిసి నాన్న దగ్గరికి సెలవులకి బయల్దేరాడు. నాన్నకి కోరేగావ్‌లో కొలువు. కరువు పని కింద అక్కడ చెరువు తవ్విస్తున్నారు, దానికి ఆయన క్యాషియర్. పిల్లలకి కొత్త చొక్కాలు, తళుకుల టోపీలు, కొత్త బూట్లు, పట్టంచు పంచెలు కొన్నారు. ఊరెళ్తున్న పిల్లల హుషారు మీకు తెలియనిది కాదు. మసూరులో దిగారు. ఉత్తరం అందక నాన్న రాలేదు. ఆ బట్టలు చూసి స్టేషన్ మాస్టరు బ్రాహ్మల పిల్లలనుకున్నాడు. మీరెవరు అని అడిగాడు. మహర్లమని చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. బండివాళ్లు ఎవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు. బండి పిల్లలే తోలాలి, వాడు పక్కన నడుస్తాడు. డబ్బాలో అన్నం ఉంది, తాగడానికి నీళ్లు లేవు. రాత్రి టోల్‌గేటు దగ్గర ఆగినా ఎవరూ పొయ్యలేదు. అన్నం పక్కనే ఉండగా ఆకలితో పడుకున్నారు.

పాప అంతా విని, "తర్వాత నీళ్లు దొరికాయా?" అంది.

ఆ పుస్తకంలోనే ఇంకో షికారు ఉంది. 1934లో అంబేద్కర్ తన వాళ్లతో కలిసి వేరూల్ గుహలు చూడ్డానికి బస్సు మాట్లాడుకుని వెళ్లారు. దారిలో దౌలతాబాదు కోట. అప్పటికది నిజాం రాజ్యంలోది. దుమ్ము పట్టి ఉన్నారని కోట గుమ్మం దగ్గర తొట్టిలో కాళ్లూ ముఖాలూ కడుక్కున్నారు. చెరువు మైలపడిందంటూ ఒక ముసలాయన అరుస్తూ వచ్చాడు, జనం పోగయ్యారు. చివరికి లోపల ఎక్కడా నీళ్లు ముట్టుకోకూడదనే షరతు మీద, వెంట ఒక సాయుధుణ్ణి పెట్టి కోట చూడనిచ్చారు. అప్పటికి ఆయన బారిస్టరు, లండన్ రౌండ్ టేబుల్ సమావేశాలకి వెళ్లొచ్చిన నాయకుడు. పద్నాలుగేళ్ల తర్వాత రాజ్యాంగ సభలో చెరువు అనే మాట దగ్గరా, దుకాణం అనే మాట దగ్గరా నిలబడింది ఈ మనిషే.

పిల్లలకి ఇది ఎప్పుడు చెప్పాలి? నేను చెప్పాల్సి వచ్చినప్పుడు పాపకి ఏడేళ్లు. మార్టిన్ లూథర్ కింగ్ కూతురికి ఆరు. టీవీలో ఫన్‌టౌన్ అనే పార్కు ప్రకటన చూసి తీసుకెళ్లమని మారాం చేసిందట. అక్కడికి నల్లపిల్లల్ని రానివ్వరని చెప్పేటప్పుడు నోరు పెగలని ఆ స్థితిని ఆయన 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన ఉత్తరంలో రాశాడు. ఓపిక పట్టండి అని సలహా ఇస్తున్న పెద్దమనుషులకి జవాబుగా రాసిన ఉత్తరం అది. అంత పెద్ద ఉద్యమాన్ని సమర్థించుకోవడానికి ఆయన ఎత్తి చూపిన వాటిలో ఒక పిల్ల షికారు కూడా ఉంది. ఇదేం చరిత్ర మేడమ్ అన్న మా అబ్బాయి ఈ ఉత్తరం తప్పకుండా చదవాలి.

అమెరికాలో నల్లవాళ్లకి ఒక పుస్తకం ఉండేది, గ్రీన్ బుక్. విక్టర్ హ్యూగో గ్రీన్ అనే పోస్ట్‌మన్ 1936లో మొదలుపెట్టాడు. కుటుంబంతో కారులో బయల్దేరితే ఏ ఊళ్లో ఏ హోటల్లో గది ఇస్తారు, ఎక్కడ భోజనం పెడతారు, ఎక్కడ పెట్రోలు పోస్తారు, అన్నీ అందులో ఉండేవి. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చాక కొద్ది కాలానికే ఆగిపోయింది.

మనకి అలాంటిది అచ్చవలేదు. మా అమ్మ నోట్లో ఉంది. ఏ టీ కొట్టు చూరులో మన గ్లాసులు వేరేగా పెట్టేవాళ్లు, ఏ వీధి మొదట్లో చెప్పులు చేతిలోకి తీసుకోవాలి, రేవులో ఏ మెట్టు దాకా దిగొచ్చు, ఏ ఇంటావిడ మాత్రం చెంబు ఎత్తి కాకుండా చేతికే ఇచ్చేది. ఒక్క ఊరికే అమ్మ దగ్గర అరగంట సరిపడా ఉంది. ఇప్పటికీ మేం బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి పిల్లలిద్దరిచేతా చెరో గ్లాసు నీళ్లు తాగిస్తుంది. మా సంచిలో రెండు సీసాలున్నా సరే. దాహమేస్తదని అమ్మమ్మ తాగిస్తుందనుకుంటాడు చిన్నోడు.

ఆ కాలం పోయిందని మన మిత్రుల్లోనే కొందరంటారు. భీమవరం పక్కనే గరగపర్రు ఉంది. 2017లో అక్కడ చెరువు దగ్గర, మిగతా నాయకుల విగ్రహాల వరసలో అంబేద్కర్ విగ్రహం పెట్టబోతే తీసేశారు. తర్వాత దళితుల్ని వెలేశారు. కూలి ఆగింది, కౌలు భూములు పోయాయి, కొట్లలో సరుకులు ఇవ్వలేదు. 'దుకాణం' అనే మాటకి 1948లో అంత విశాలమైన అర్థం చెప్పిన మనిషి విగ్రహం కోసం 2017లో దుకాణం మూసుకుపోయింది. పంటు దిగి అవతలి ఒడ్డున మా పాప కొత్తగా వచ్చిన చదువుతో కూడబలుక్కుంటూ చదివిన బోర్డు 'డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ కోనసీమ జిల్లా'. ఆ పేరు వద్దని 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. వచ్చే భాగం దాని గురించే.

ఈలోగా విద్యార్థులకి ఒక పని. మీ ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే పక్కన కూర్చోండి. ఉద్యమం గురించి అడగొద్దు, బెదిరిపోతారు. మొదటిసారి హోటల్లో బల్ల మీద ఎప్పుడు కూర్చున్నావు, ఎవరు తీసుకెళ్లారు, ఏం తిన్నావు అని అడగండి. ఏ రేవు, ఏ వీధి, ఏ సినిమా హాలు, సుమారుగా ఏ ఏడాది. వాళ్ల మాటల్లోనే రాయండి, దిద్దకండి. మా అమ్మది నేను సగం రాశాను. మొదటి టిఫిన్ దగ్గర ఆగింది. పెసరట్టా ఇడ్లీయా అని రెండు రోజులుగా ఆలోచిస్తోంది.